మగ్గాలన్నీ కప్పిన పిల్ల

నాంపల్లి గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా, చేతిలో ఉన్న నూలు కండె నిండేదాకా నోరు విప్పేవాడు కాదు. సాలెవాడలో పుట్టి, వయసంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసినవాడు. చూపు మందగించాక కొడుకు మగ్గానికి కండెలు చుట్టిపెడుతూ, వచ్చినవాళ్ళకు తత్వం చెబుతూ ఉండేవాడు. రాట్నం తిరుగుతున్నంతసేపూ శిష్యుడు ఎదురుగా చాప మీద కాచుకోవలసిందే. ఆ కాస్తసేపట్లో చాలామంది కోపాలు చల్లారిపోయేవి. కొందరైతే అడగవచ్చిన మాటే మరిచిపోయి మంచినీళ్ళు తాగి వెళ్ళేవారు.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం కనకయ్య వచ్చాడు. కులానికి పెద్ద, గురువుకు పాత శిష్యుడు. రోళ్ళు పగిలే ఎండలో తల మీద తువ్వాల కూడా లేకుండా వచ్చాడు. దండం పెట్టి, కూర్చోకుండానే అడిగేశాడు.

"గురువా, ఒక్క మాట చెప్పుండ్రి. ప్రేమతోని ఇచ్చినదాన్ని తీసి అవుతల పారేస్తే అది పాపమా, కాదా?"

రాట్నం తిరుగుతూనే ఉంది. కనకయ్యకు ఆగే ఓపిక లేదు. జరిగిందంతా ఏకరువు పెట్టాడు.

ఆ రోజు అతని చెల్లెలు రాజవ్వ ఇంట్లో మనుమరాలి తొట్టెల వేడుక. ఆ వాడలో ఒక ఆచారం ఉంది. బిడ్డను తొట్టెలో వేసిన రోజున ప్రతి మగ్గం నుంచీ ఒక బట్ట రావాలి, నేసినవాడే తన చేత్తో బిడ్డ మీద కప్పాలి. ఏ చెయ్యి కప్పిందో ఆ చెయ్యే తియ్యాలి. ఇంకొకరు తీస్తే ఆ మగ్గానికే అవమానం. సంక్రాంతి చలిలో పుట్టిన పిల్లలకు అది ఎంత హాయైన ఆచారమో! కానీ పిల్లలు కార్తె చూసుకుని పుడతారా? రోహిణిలో పుట్టినా అదే ఆచారం, అన్నే బట్టలు. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి పసిదాని పాదాలు కళ్ళకద్దుకున్నారు. పాదాలు చల్లగా ఉన్నాయని, "అయ్యో, సల్లవడ్డది" అని, తమ బట్టను ఇంకాస్త పైకి లాగి మెడదాకా కప్పారు. పెద్ద గనక కనకయ్యది అందరికంటే ముందు, అన్నిటికంటే అడుగున. ఎర్ర అంచు వేసి, ఈ వేడుక కోసమే నేసిన బట్ట.

అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా రాజవ్వ కోడలు భాగ్య ఆ బట్టలన్నీ తీసేసింది. ఆ అమ్మాయిది వేరే ఊరు. మొగుడు షోలాపూరు మిల్లులో ఉన్నాడు, వేడుకకు సెలవు దొరకలేదు. కనకయ్య చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి ఎర్ర అంచు బట్ట నేల మీద పడి ఉంది.

"నేల మీద, గురువా! నా కండ్లతోని చూసిన. ఎందుకు తీసినవే అంటే, పిల్ల కాలిపోతుంది మామా అంటది. నేను కాళ్ళు పట్టి చూసిన. కుండల నీళ్ళ లెక్క సల్లగున్నయ్! అబద్ధం గాకపోతే ఏంది? నలుగుట్ల మా మగ్గాల ఇజ్జత్ తీసింది. అందరి కాళ్ళు మొక్కి తప్పు ఒప్పుకునేదాక పిల్లను ముట్టొద్దని అరుగు మీద కూసోబెట్టిన. ఏం దండుగ వెయ్యాల్నో మీరే చెప్పుండ్రి."

రాట్నం ఆగింది. కండె ఇంకా సగమే నిండింది. ఇన్నేళ్ళలో కనకయ్య అలా ఎన్నడూ చూడలేదు.

"ఆ బట్టలు ఇప్పుడు యాడున్నయ్?"

"మళ్ళ ఎవలివి వాళ్ళతోని కప్పిచ్చిన," అన్నాడు కనకయ్య, కాస్త గర్వంగానే. "గాలి తగులకుండ తలుపు గూడ ఏపిచ్చిన."

గురువు లేచాడు. చెప్పులు కూడా తొడుక్కోలేదు. చూపు ఆనని మనిషి, గోడలు పట్టుకుంటూ, కాలే మట్టి మీద ఉత్త కాళ్ళతో రాజవ్వ ఇంటివైపు దాదాపు పరుగే తీశాడు. వెనక కనకయ్య, ఆయన అంత వేగం ఎందుకో అర్థంకాక, తన ప్రశ్నకు జవాబు రాలేదన్న కినుకతో నడిచాడు.

అరుగు మీద భాగ్య కూర్చుని ఉంది. రవిక ముందంతా పాలతో తడిసి ఉంది. గురువును చూసి లేచి నిలబడింది గాని కాళ్ళు మొక్కలేదు.

"మెడ చూడుండ్రి అని అందరికి చెప్పిన గురువా," అంది. "ఒక్కలు సూడలే. అందరు కాళ్ళే పట్టుకున్నరు."

రాజవ్వ గుమ్మంలో అడ్డం వచ్చి నోటి మీద వేలు పెట్టింది. "మెల్లగ, గురువా. పిల్ల ఎంత మంచిగ పండుకున్నదో. అప్పటిసంది ఏడుపే లేదు. ఇంతమంది దీవెన ఊకెనే పోతదా?"

దీవెనట! కిటికీలో పాత చీర కుక్కి ఉంది. మూలన సాంబ్రాణి వేసిన కుంపటి ఇంకా ఆరలేదు. తలుపు తీసిన గురువుకు ఆవిరి ముఖానికి కొట్టింది. తొట్టెలో బిడ్డ కనిపించలేదు, బట్టలే కనిపించాయి. వాటి చివర కందిపోయిన ముఖం, తెరుచుకున్న చిన్న నోరు. పిల్ల నిద్రపోతోందని ఆ ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. ఏడవడానికి దానికి ఓపిక మిగల్లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. తట్టిన ఒక్క మనిషినీ బయట కూర్చోబెట్టారు.

"తియ్యి," అన్నాడు గురువు.

కనకయ్య చేతులు ముందుకు చాచి ఆగిపోయాడు. "నాది అన్నిటికన్న అడుగుది, గురువా. పైనోళ్ళు వచ్చి ఎవలది వాళ్ళు తియ్యాలె గదా. కబురు పెడుత..."

ఆ మాట అన్నాడు. కులపెద్ద, మనుమలను ఎత్తుకున్నవాడు, తత్వాలు కంఠస్థం వచ్చినవాడు, ఆ తొట్టె ముందు నిలబడి నిజంగానే ఆ మాట అన్నాడు.

"ఎవలిని పిలుస్తవ్ రా?" గురువు గొంతు వాడకట్టంతా వినపడింది. ఆయన అరవడం ఎవరూ ఎరగరు. "బువ్వ తిని గుర్రు పెట్టేటోళ్ళను లేపుకొస్తవా? వాళ్ళు ముఖం కడుక్కొని వచ్చేదాక ఈ ముక్కుల ఊపిరి ఉంటదా? మగ్గానికి ఇజ్జత్ ఉన్నది, పీనుగ మీద బట్టకు గూడ ఇజ్జత్ ఉన్నది. పానమున్న పిల్లకు లేదు!"

అని కనకయ్య మణికట్టు పట్టుకుని, ఆ చేతిని బట్టల కిందికి, బిడ్డ మెడ వెనక్కి తోశాడు.

తడి నూలుకూ పొడి నూలుకూ తేడా చీకట్లో చెప్పగల చెయ్యి అది. మెడ కింద బట్ట పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఆ తడి కింద ఒళ్ళు అప్పుడే గంజి వార్చిన కుండలా కాలుతోంది. పొద్దుట తను పట్టుకున్న పాదాలు ఇప్పుడూ చల్లగానే ఉన్నాయి. ఆ పాదాలను నమ్మి తను ఈ మెడను అబద్ధం అన్నాడు. కన్నతల్లిని అబద్ధాలకోరు అన్నాడు. కనకయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంక ఏ బట్ట ఎవరిదో చూడలేదు. రెండు చేతులతో లాగి అవతల పడేశాడు. చివరకు ఎర్ర అంచుది వచ్చింది. అది తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. దాన్ని మెల్లగా ఊడదీశాడు. ఛాతీ నిండా చెమటకాయలు పేలి ఉన్నాయి.

"బిడ్డా, దా! తప్పు లేదు, ఏం లేదు, దా!" అని వెనక్కి తిరిగేసరికి భాగ్య పక్కనే ఉంది. ఆమె అతని పిలుపు కోసం ఆగలేదు. పిల్లను ఎత్తుకుని వసారాలోకి, గాలి ఆడేచోటికి వెళ్ళింది. చీర కొంగు తడిపి మెడ, చంకలు, తొడలు తుడిచింది. పాలిచ్చింది. పిల్ల నోరు పట్టలేదు. మళ్ళీ ఇచ్చింది. పెదవులు కదిలి ఊరుకున్నాయి.

రాజవ్వ ఏడుస్తూ కిటికీలోని చీర లాగేసింది. కనకయ్య తొట్టె పక్కన పడి ఉన్న బట్టలన్నీ పోగుచేసి, ఎక్కడ పెట్టాలో తెలియక, చేతుల నిండా పట్టుకుని నిలబడ్డాడు. ఏడుపు లేకపోవడమే దీవెన అనుకున్న ఆ ఇంట్లో, "ఏడువు బిడ్డా, ఒక్కసారి ఏడువు," అని గొణుగుతున్నాడు.

పిల్ల ముందు సన్నగా మూలిగింది. తర్వాత కాళ్ళు ఆడించింది. ఆ తర్వాత గుక్కపట్టి, కప్పినవాళ్ళందరినీ పేరుపేరునా తిడుతున్నట్టు, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. భాగ్య ముఖం పిల్ల తల మీద ఆనించి తనూ ఏడ్చింది.

ఆ ఏడుపుకు వాడలో కునుకు తీస్తున్నవాళ్ళంతా లేచి వచ్చారు. వాకిట్లో గుంపు చేరింది. కనకయ్య చేతుల్లోని బట్టల మోపు చూసి ఎవరో గట్టిగానే అడిగారు, "మా బట్టకు చెయ్యి పెట్టింది ఎవలు?"

"నేనే," అన్నాడు కనకయ్య. ఇంకేమీ చెప్పలేక గురువు వైపు తిరిగాడు. ఆయన అరుగు మీద కూర్చుని బొబ్బలెక్కిన అరికాలు తడుముకుంటున్నాడు.

"గురువా, అందరివి నా చేతులతోనే తీసిన. పాపమని ఆ కోడలిపిల్ల మీద ఏసింది నేనే. ఇప్పుడు అది నా మీదికే వచ్చె గదా?"

వసారాలో ఏడుపు ఆగి, పాలు తాగుతున్న చప్పుడు వినబడింది. గురువు అది కాసేపు విన్నాడు.

"నీ మీదనే ఉండనియ్," అన్నాడు. "పెద్దోనివి, మోస్తవు."