గులకరాళ్ల దారి

అడవి అంచున పాడుబడ్డ సత్రంలో ఎలుగుబంటి వైద్యశాల పెట్టింది. నడవకు కుడి చివర మందుల గది. ఎడమ చివర గదిలో అజీర్తి చేసిన అడవిపిల్లి. మూడు రోజులుగా దానికి లంఖణాలు.

ఏ గది ఏదో తెలియడానికి నెమలి గుమ్మాల మీద రంగురంగుల బొమ్మలు వేసింది. అందరూ మెచ్చుకున్నారు. చూపు ఆనని కుందేలవ్వ మాత్రం కళ్లమందు కోసం రోజూ గోడలు తడుముకుంటూ వచ్చేది. ఒకరోజు పిల్లి గుమ్మం దాకా పోయి, వాసన తగిలి, వెనక్కి పడింది.

అది చూసి గాడిద ఏటి నుంచి గులకరాళ్లు మోసుకొచ్చి మందుల గది దాకా పరిచింది. పిల్లి వైపు ఎండుగడ్డి పరిచింది.

"కాళ్లకు రాళ్లు తగిలితే మందు, మెత్తగా ఉంటే పిల్లి. అంతే అవ్వా!"

"చల్లగా ఉండు నాయనా! గోడలు తడమకుండా వచ్చేశాను" అని అవ్వ మురిసిపోయింది.

ఇక అందరి నోటా గాడిద పేరే. నెమలికి ముద్ద దిగలేదు.

"మెడ పడిపోయేలా రంగులేసింది నేను. నాలుగు రాళ్లు పోసి పేరు కొట్టేసింది అది!"

"నీ బొమ్మలు కళ్లున్నవాళ్లకి. దాని రాళ్లు అందరికీ" అంది ఎలుగు.

ఆ మాటతో నెమలికి ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే ఎవరూ రాకముందే రాళ్లు అటు, గడ్డి ఇటు మార్చేసింది. ఆ గీకుడులో దుమ్ము లేచి కళ్లలో పడింది. ఏటికి పోయి ఎంత కడుక్కున్నా కళ్లు వాచి మూసుకుపోయాయి.

ఈలోగా గాడిద వచ్చి చూసి, గొణుక్కుంటూ అన్నీ మళ్లీ సర్దేసింది. తర్వాత వచ్చిన కుందేలవ్వ క్షేమంగా మందు వేయించుకుంది.

కాసేపటికి నెమలి తడుముకుంటూ నడవలోకి వచ్చింది.

"నెమలి బావా, రాళ్ల మీదుగా రా!" అని గాడిద కేకేసింది.

"నాకు చెప్పొచ్చావా? నీ రాళ్లు ఎటు పోతాయో నాకు తెలుసులే!"

నెమలి మెత్తని గడ్డి మీద చకచకా నడిచింది.

"రా నాయనా, రా. ఎన్ని రోజుల నుంచో ఆకలితో చూస్తున్నా" అంది లోపలి గొంతు.

గాడిద పరుగున వచ్చి పిల్లిని ఒక్క తన్ను తన్నింది. నెమలి బతికింది. తోక మాత్రం పిల్లి నోట్లో ఉండిపోయింది. ఎలుగు దాని కళ్లకు కట్టు కట్టి, వారం పాటు రోజూ రమ్మంది.

"రేపు ఎలా వచ్చేది?" అని నెమలి ఏడ్చింది.

"రాళ్ల మీదే నాయనా" అంది కుందేలవ్వ. "నువ్వు కదపకుండా ఉంటే చాలు."

ఒకరి దారి చెరిపినవాడికి, సరైన దారి ఎదురుగా ఉన్నా నమ్మబుద్ధి కాదు.