దళవాయిగారి తుపాకీ

మందల మీద పడుతున్న చిరుతను చంపినవారికి కొండకింది బీడు ఇస్తానని రాజుగారు చాటించారు. గొల్లలు ప్రాణాలకు తెగించి, బల్లేలతో పొడిచి దాన్ని చంపారు. సైన్యాన్ని నడిపే దళవాయి రణభూపతి మాత్రం తుపాకీ భుజాన వేసుకుని సభకొచ్చి, "నిన్న నా తుపాకీ దెబ్బకే అది చచ్చింది. వీళ్లు పొడిచింది శవాన్ని!" అని మీసం మెలేశాడు.

ఆయుధాలు తుడిచే గంగులుకి ఒళ్లు మండింది. అయినా చేతులు కట్టుకుని, "అంతటి తుపాకీని తుడిచే భాగ్యం నాకివ్వండి దొరా. కాల్చాక ఎవరైనా తుడిచారా?" అని అడిగాడు.

"నా తుపాకీ మీద ఇంకో చెయ్యి పడనిస్తానా? వెండి కడ్డీ, పట్టుగుడ్డ, గంధపు నూనె తెప్పిస్తానుండు."

"అవి తర్వాత దొరా. ముందు గొట్టంలోని మందుమసి దిగాలి. దానికి వెదురుపుల్ల, పాత పంచె పీలిక చాలు."

గంగులు పీలికను పుల్లకు చుట్టి, గొట్టం అడుగుదాకా నాలుగుసార్లు ఆడించి తీశాడు. పీలిక మల్లెపూవులా తెల్లగా ఉంది. దాన్ని రాజుగారి ముందు పరిచి, "పేలకుండానే చిరుతను చంపే తుపాకీని ఇప్పుడే చూస్తున్నాను మహాప్రభో!" అన్నాడు.

రాజుగారు పకపకా నవ్వి, బీడును గొల్లలకిచ్చారు. ఆ పీలికను మాత్రం నిండు సభలో దళవాయి భుజాన శాలువాగా కప్పించారు.