మొనగాడి కోసం వెతికిన సింహం

అనగనగా ఒక పెద్ద సముద్రం. ఆ సముద్రానికి ఇవతల మచిలీపట్నం, అవతల ఆఫ్రికా ఖండం, నడుమ ఒక తెరచాప ఓడ. ఆ ఓడలో బట్టల మూటలతో పేరిశెట్టి అనే వర్తకుడు. పేరిశెట్టి కంటే ఒక అడుగు ముందు పేరిశెట్టి నోరు.

ఆ నోటికి అలుపు లేదు. తుఫాను వచ్చి పోతే తానే ఆపానన్నాడు. తుఫాను రాకపోతే తనను చూసి జడిసి రాలేదన్నాడు. ఓడలోవాళ్ళు పాపం ఎక్కడికి పోతారు? నాలుగు వైపులా నీళ్ళే.

ఆఫ్రికా రేవులో బట్టలన్నీ అమ్ముడుపోయాక పేరిశెట్టికి ఒక కోరిక పుట్టింది. ఏనుగుల మందల్ని, జిరాఫీలను, సింహాలను కళ్ళారా చూడాలి. ఊరికి వెళ్ళి చెప్పాలి. నిజానికి ఆయనకు చూడ్డం కంటే చెప్పడం మీదే మోజు.

"ఓడ తీరం చుట్టి అవతలి రేవుకు వస్తుంది గదా! నేను నేల మీద అడ్డదారిన వచ్చి అక్కడ ఎక్కుతాను" అన్నాడు ఓడ నడిపే సరంగుతో.

"నడుమ కలహారి ఎడారి ఉంది శెట్టిగారూ" అన్నాడు సరంగు. "గాలి మళ్ళేదాకా మీ కోసం చూస్తాను. మళ్ళిందంటే లంగరెత్తేస్తాను. ఆ తర్వాత మీరు ఒడ్డున నిలబడి ఎంత కేకలేసినా లాభం లేదు. ఆ రేవుకు ఇంకో ఓడ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి."

"ఎడారా? అదే నాకు దారిస్తుంది, చూస్తూ ఉండు!" అన్నాడు పేరిశెట్టి.

ఎడారి దారివ్వలేదు. ఎర్ర ఇసుకలో నడిచి నడిచి, తెచ్చుకున్న నీళ్ళన్నీ తాగేసి, నాలుక పిడచగట్టి, ఒక ముళ్ళపొద పక్కన కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత పేరిశెట్టి మాట్లాడకుండా ఉన్నది అప్పుడే.

అటు వచ్చిన దెబె అనే వేటగాడు ఆయన్ని చూశాడు. నీళ్ళు పట్టి, భుజాన వేసుకుని, తమ గడ్డి గుడిసెల దగ్గరకు మోసుకుపోయాడు. అక్కడ అందరికీ పెద్దదిక్కు చూకో అవ్వ. ముఖం నిండా ముడతలు, ముడతల నిండా నవ్వు.

"మావాళ్ళు ఉప్పు కోసం సముద్రం వైపు వెళ్తారు. గాలి మళ్ళకముందే నిన్ను నీ ఓడ దగ్గర దింపుతారు. అందాకా మాతో ఉండు" అన్నది అవ్వ.

వాళ్ళు ఏ భాషలో మాట్లాడుకున్నారని అడక్కండి పిల్లలూ. కాసేపట్లో ఈ కథలో సింహం కూడా మాట్లాడబోతోంది. దాన్నెవరూ అడగరు గదా!

ఒక మధ్యాహ్నం దెబె వేట నుంచి తిరిగి వచ్చాడు. చేతులు ఖాళీ. వచ్చి ఒక మూల చతికిలపడ్డాడు.

"ఏమైనా కనబడిందా నాయనా?" అడిగింది అవ్వ.

"నా ముఖానికి ఏం కనబడుతుంది అవ్వా! నేనొక వేటగాణ్ణా? ఏదో చిన్న బక్కప్రాణి పడింది. మోసుకురావడం కూడా దండగని అక్కడే వదిలేసి వచ్చాను."

అంతే, గుడిసెలన్నీ ఘొల్లున లేచాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు కత్తులూ తాళ్ళూ పట్టుకుని గంతులేస్తూ బయల్దేరారు. వీళ్ళకు పిచ్చి పట్టిందనుకున్నాడు పేరిశెట్టి. చూద్దామని తానూ వెళ్ళాడు.

వెళ్ళి చూస్తే ఏముంది? ఆంబోతుకు తాతలాంటి మగజింక! ఊరంతా కూర్చుని తిన్నా మిగిలేటంత.

కాని అవ్వ దాన్ని చూసి మూతి తిప్పింది. "ఈ ఎముకల గూడు కోసమా నన్ను ఇంత దూరం నడిపించావు? హాయిగా నీడన పడుకునేదాన్ని."

"ఇందులో కూర ఎక్కడుందో వెతకాలి" అన్నాడు కాషే అనే ఇంకో వేటగాడు.

"నిజమే. వదిలేసి పోదాం పదండి" అన్నాడు దెబె. అందరూ పగలబడి నవ్వారు. దెబె అందరికంటే గట్టిగా నవ్వాడు.

పేరిశెట్టికి కడుపు రగిలిపోయింది. ఇంత వేట కొట్టినవాడికి ఇదా మర్యాద? ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఓ వీరాధివీరా! ఈ మూర్ఖులకు నీ విలువ తెలియదు. మా దేశంలో పుట్టి ఉంటే నిన్ను ఏనుగు మీద ఊరేగించేవాళ్ళం. నీకు సాటి రాగల మొనగాడు ఈ భూమ్మీద లేడు!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. దెబె ముఖం పాలిపోయింది. తిరిగి రాగానే విల్లు గుడిసె చూరులో దోపి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. అవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని చేశావు శెట్టీ! మా దగ్గర పెద్ద వేట కొట్టినవాణ్ణి ఎవరూ పొగడరు. ఎంత మంచి వేటైతే అంత ఎక్కువ తిడతాం. పొగిడితే వాడి తలకెక్కుతుంది. ముందు తన మాటే నెగ్గాలంటాడు. తర్వాత పంచి పెట్టడం మానేస్తాడు. చివరికి సింహం నోట్లో పడతాడు. అందుకే పొగడ్త తగిలినవాడు అది దిగేదాకా విల్లు ముట్టుకోడు."

"ఎప్పుడు దిగుతుంది?"

"నువ్వు గట్టిగా ఎక్కించావు. ఇప్పట్లో దిగదు!"

దిగలేదు. జింక మాంసం అయిపోయింది. అందరిలోకీ గురిగల దెబె కదలడం లేదు. కడుపులు మాడడం మొదలైంది.

"నువ్వే గదా వాణ్ణి కూర్చోబెట్టావు? నువ్వే వెళ్ళి ఏదైనా తీసుకురా" అన్నది అవ్వ.

"అదెంత పని!" అని మీసం దువ్వుకుంటూ బయల్దేరాడు పేరిశెట్టి.

కొంత దూరం పోగానే ఒక నిప్పుకోడి కనబడింది. నిప్పుకోడి అంటే మన పెరటి కోడి కాదు. మనిషికంటే ఎత్తు, ఒంటెలాంటి మెడ, గుర్రంలాంటి కాళ్ళు. అది తన గూట్లో గుడ్ల మీద కూర్చుని ఉంది. పేరిశెట్టిని చూసింది. లేచింది.

తర్వాత జరిగింది పేరిశెట్టి చెప్పిన ప్రకారం ఇలా.

"తాటిచెట్టంత పక్షి! బుసలు కొడుతూ మీదికి వచ్చింది. నేను అదిరానా, బెదిరానా? దాని మెడ పట్టుకుని గిరగిరా తిప్పాను. 'చంపకు బాబో' అని కాళ్ళ మీద పడింది. జాలిపడి వదిలేస్తే, కానుకగా ఈ గుడ్డు ఇచ్చింది."

పాలతపేలంత గుడ్డు అందరి ముందూ పెట్టాడు. అవ్వ గుడ్డు చూడలేదు. ఆయన వెనక్కి వెళ్ళి చూసింది. పంచె చిరిగి పీలికలైంది. ఒంటి నిండా తుమ్మముళ్ళు.

"నువ్వు పోట్లాడింది ముందు వైపు నుంచి గదా? ముళ్ళన్నీ వెనక గుచ్చుకున్నాయేం?"

"అది... వెనక నుంచి కూడా వచ్చింది" అన్నాడు పేరిశెట్టి.

కాషే గుడ్డును అటూ ఇటూ తిప్పి, "ఇదేమిటి, బల్లి గుడ్డా?" అన్నాడు. అది మెచ్చుకోలు. 'అవును, వట్టి బల్లి గుడ్డే' అని తానూ నవ్వి ఉంటే సరిపోయేది. పేరిశెట్టి మాత్రం ముఖం మాడ్చుకుని, తినను పొమ్మని ఒక చెట్టు కింద అలిగి కూర్చున్నాడు. మిగతావాళ్ళు గుడ్డును నిప్పుల మీద కాల్చుకుని కడుపారా తిన్నారు. ఎవరూ బతిమాలలేదు.

దెబె మటుకు ఆ కథ విని చాలాసేపు నవ్వి, లేచి విల్లు అందుకున్నాడు. "దిగిపోయింది అవ్వా! మొనగాడంటే ఎలా ఉంటాడో చూశాక నాకు ఆ పదవి వద్దనిపించింది" అన్నాడు.

ఇంతలో గాలి మళ్ళే కాలం దగ్గరపడింది. నిప్పుకోడి గుడ్ల డొల్లల్లో నీళ్ళు నింపుకుని, దెబె, కాషే ఉప్పు కోసం బయల్దేరారు. వెంట పేరిశెట్టి.

"వీడా మనతో?" అని కాషే నసిగాడు. "వీడి నోరు మన ముగ్గురి ప్రాణాలూ తీస్తుంది."

అవ్వ పేరిశెట్టిని పక్కకు పిలిచింది. "సముద్రం ముందు ఒక కనుమ ఉంది. అక్కడ ఒక ముసలి సింహం కూర్చుంటుంది. ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ జవాబును బట్టి ఓడ ఎక్కడమా, దాని కడుపులోకి పోవడమా తేలుతుంది."

"ఏం ప్రశ్న అవ్వా?"

"చెప్పను. చెబితే జవాబు తయారు చేసుకుంటావు. నువ్వు తయారు చేసే జవాబులు ఇప్పటికే విన్నాం."

నడిచారు, నడిచారు. ఎడారి అంచున ఒక పెద్ద బండ. బండ మీద ఎర్రమట్టితో పూర్వులు గీసిన బొమ్మలు. ఏనుగులు, జింకలు కండపుష్టిగా, ఇప్పుడే కదులుతాయేమో అన్నట్టున్నాయి. మనుషులు మాత్రం చీపురుపుల్లల్లా సన్నగా ఉన్నారు.

"ఇందులో వీరుడెవరు?" అడిగాడు పేరిశెట్టి.

"అందరూ" అన్నాడు దెబె.

"గీసినవాడెవరు?"

"తెలియదు. చెప్పుకోలేదు."

"అయ్యో, ఇంత గీసి పేరు చెప్పుకోలేదా! ఆ మూల నా బొమ్మ కూడా..."

"కుదరదు శెట్టీ. నువ్వు చెప్పుకునేంత పెద్దగా గీయాలంటే ఏనుగును చెరపాలి."

బండ దాటితే కనుమ వచ్చింది. కనుమ అవతల నీలంగా సముద్రం. సముద్రం మీద ఓడ! తెరచాపలు విప్పుతున్నారు. గాలి మళ్ళింది.

పేరిశెట్టి పరుగెత్తబోయాడు. దారికి అడ్డంగా సింహం కూర్చుని ఉంది. జూలు నెరిసింది గాని కోరలు నెరవలేదు.

"ఆగండి" అన్నది సింహం. "నేను మృగరాజును. అల్పులను తిని పరువు పోగొట్టుకోను. మీలో మొనగాడెవడో చెప్పండి. వాడితో తలపడి, వాణ్ణి భోంచేస్తాను."

"నేను కాదు స్వామీ!" అన్నాడు కాషే. "నిన్న చీమ కుడితే కూర్చుని ఏడ్చాను."

"నేనసలే కాదు" అన్నాడు దెబె. "నేను ఏనుగుకు గురిపెడితే బాణం ఆకాశానికి తగులుతుంది."

సింహం నిట్టూర్చింది. "ఎన్నేళ్ళుగా అడుగుతున్నానో! ఈ ఎడారిలో ఒక్క మొనగాడు పుట్టడేం?" తర్వాత పేరిశెట్టి వైపు తిరిగింది. "నువ్వు కొత్తవాడివి. ఒళ్ళు కూడా బాగా చేశావు. నువ్వేమంటావు?"

పిల్లలూ, పుట్టినప్పటి నుంచి పేరిశెట్టి ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఎవరూ అడక్కుండానే జవాబు చెప్పుకుంటూ వచ్చాడు. ఇవాళ అడిగేవాడు దొరికాడు. నాలుక దానంతట అదే లేచింది.

"నేనా? నేను..." అని, దెబె ముఖం చూసి, చటుక్కున నాలుక కరుచుకున్నాడు. తర్వాత తెలివిగా చేతులు కట్టుకుని, "నేను పరమ అసమర్థుణ్ణి మృగరాజా! చేతగానితనంలో నన్ను మించినవాడు ముల్లోకాల్లో లేడు" అన్నాడు.

సింహం చెవులు నిక్కబొడుచుకుంది. "మించినవాడు లేడా? అయితే ఎందులోనో ఒకందులో నువ్వు మొనగాడివే!" అని నాలుకతో మూతి తుడుచుకుంటూ లేచింది.

అవతల ఓడ మీద చివరి తెరచాప లేస్తోంది. ఇవతల సింహం ఒక్కో అడుగూ వేస్తోంది. పేరిశెట్టి దగ్గర ఇక ఉన్నదల్లా నిజం ఒక్కటే. అదేమో ఈ ఇద్దరి ముందూ చెప్పాలి. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కాదు స్వామీ, అందులోనూ నేను మొదటివాణ్ణి కాను" అన్నాడు చిన్న గొంతుతో. "నిప్పుకోడితో పోట్లాడానని వీళ్ళకు అబద్ధం చెప్పాను. అది లేచి నిలబడగానే పరుగెత్తాను. తుమ్మచెట్టెక్కి, అమ్మా అని ఏడ్చాను. అది విసుగొచ్చి వెళ్ళిపోయాక, గూటి బయటికి దొర్లిన గుడ్డు ఏరుకొచ్చాను. తుఫాను నేను ఆపలేదు. అప్పుడు బట్టల మూటల వెనక దాక్కున్నాను. ఇప్పుడు కూడా భయంగా ఉంది. ఇంటికి పోవాలని ఉంది."

సింహం ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది:

"ఆ నిప్పుకోడికి ఎడమ కాలి మీద తెల్లమచ్చ ఉందా?"

"ఉంది స్వామీ."

"అబ్బ, అదే! దాని తన్ను నాకూ తెలుసు. నేనూ ఒకసారి చెట్టెక్కాను. ఎవరితోనూ అనకు." అని సింహం పకపకా నవ్వి, పక్కకు జరిగింది. "పో, పో! నీ ఓడ కదులుతోంది. నిన్ను తింటే నాకు నవ్వొచ్చి పొలమారుతుంది."

ముగ్గురూ ఒకటే పరుగు. ఒడ్డున నిలబడి పేరిశెట్టి పైపంచె ఊపి కేకలేశాడు. సరంగు చూసి పడవ పంపాడు.

పడవ ఎక్కబోతూ దెబె వైపు తిరిగాడు పేరిశెట్టి. కళ్ళనిండా నీళ్ళు. 'ప్రాణదాతా!' అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఇంత అధ్వాన్నంగా దారి చూపించేవాణ్ణి నేనెక్కడా చూడలేదు" అన్నాడు.

దెబె ముఖం వెలిగిపోయింది. ఆయన్ని గట్టిగా కావలించుకుని, "ఇంత పనికిమాలిన చుట్టం మాకూ ఎప్పుడూ దొరకలేదు" అన్నాడు.

పేరిశెట్టి ఓడెక్కగానే ఓడలోవాళ్ళంతా చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన మాత్రం తాను నిప్పుకోడిని చూసి చెట్టెక్కిన వైనం చెప్పాడు. సింహం ముందు భయపడ్డ సంగతి చెప్పాడు. చెవుల మీది చేతులు ఒక్కొక్కటే దిగాయి. వంటవాడు గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. మచిలీపట్నం వచ్చేదాకా, "శెట్టిగారూ, ఆ చెట్టెక్కిన ముచ్చట ఇంకొక్కసారి" అని బతిమాలుతూనే ఉన్నారు.

కాబట్టి పిల్లలూ, గొప్పలు చెప్పుకునేవాడి మాట పక్కనున్నవాళ్ళు కూడా వినరు, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడికి సింహమైనా దారి ఇస్తుంది.