నిలకడ నక్షత్రం

విఠల్‌కు కోపం వస్తే కళ్లజోడు తుడుచుకుంటాడు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి అద్దాలు అరిగిపోయేలా తుడుస్తూనే ఉన్నాడు.

గుట్ట మీది ఆ చిన్న అబ్జర్వేటరీకి అతను డైరెక్టరు. అతనికో నక్షత్రం ఉంది. ఆకాశంలోవి ఎవరి సొత్తూ కావు గానీ, అది మాత్రం తాను కని పెంచినదన్నట్టే మాట్లాడేవాడు. నక్షత్రాలన్నీ తమ చుట్టూ తాము తిరుగుతాయి. ఇది మాత్రం తిరగదని, తిరిగినా తిరగనట్టేనని విఠల్ తేల్చాడు. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యమధ్య నల్లటి గీతలు కనిపిస్తాయి. జోరుగా తిరిగేదానికి ఆ గీతలు అలుక్కుపోయి వెడల్పవుతాయి. విఠల్ నక్షత్రానికేమో సూదితో గీసినట్టుంటాయి. దానికి నిలకడ నక్షత్రమని పేరు పెట్టాడు. మిగతా నక్షత్రాల వేగాన్ని దీనితో పోల్చి కొలవచ్చని పెద్ద పుస్తకం రాశాడు. సగం జీవితం దానికే ధారపోశాడు. ఇక అచ్చుకు పంపడమే తరువాయి.

సరిగ్గా అప్పుడు ఎస్తేరు అడ్డుపడింది.

చీరాల వైపు నుంచి పరిశోధనకని గుట్టెక్కిన పిల్ల. మిగతా విద్యార్థులు కాళ్లకు చక్రాలున్నట్టు టెలిస్కోపుకీ కంప్యూటరుకీ మధ్య పరుగులు తీస్తుంటే, ఈమె కదలకుండా కూర్చుని ఒకే ఒక్క గీతను రోజుల తరబడి చూసేది. చూసి చూసి ఒకనాడు విఠల్‌తో అంది.

"గీత సన్నగానే ఉందండీ. కానీ గ్రాఫులో గుంటలా కనబడే దాని అడుగు మొనదేలి ఉండాలి కదా, బల్లపరుపుగా ఉందేంటండీ?"

పైగా, ఆ రంగు నక్షత్రానికి ఉండాల్సినదానికన్నా వెలుగు ఎక్కువగా ఉందట. ఇది నిలకడదేమీ కాదని, భయంకరమైన వేగంతో తిరుగుతోందని, తన ధ్రువాన్ని, అంటే తలను, మన వైపు పెట్టి తిరుగుతోంది గనక మనకు తెలియడం లేదని ఆమె అనుమానం.

"కోటానుకోట్ల నక్షత్రాల్లో నాకు దొరికిందే మన వైపు తల పెట్టిందా అమ్మా?" అని విఠల్ నవ్వేశాడు.

మొదట్లో నవ్వాడు. ఆమె మళ్లీ మళ్లీ అదే మాట అనేసరికి నవ్వడం మానేశాడు. ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం తప్ప ఈ పిల్ల చేసే పనేమీ లేదనుకున్నాడు. పరికరంలో దుమ్ము చూసి నక్షత్రంలో లోపమంటోందనుకున్నాడు. మర్నాడు పొద్దున కిందికి దిగే జీపులో ఆమెను ఇంటికి పంపించేయాలని నిశ్చయించుకున్నాడు. ఎంత డైరెక్టరైనా, ఖుద్దూస్ సాహెబ్‌తో చెప్పకుండా అంత పని చేయలేడు.

సాహెబ్ విఠల్‌కు గురువు. రిటైరై ఏళ్లయినా గుట్ట దిగలేదు. టెలిస్కోపు అద్దాలు సానబట్టే గదిలోనే పొద్దస్తమానం గడిపేవాడు. ఆయన దగ్గరికి వెళ్లడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరి దగ్గర నేర్చుకోవడానికి పోతామో వారికి మన చేత్తో చాయ్ కాచి తీసుకెళ్లాలి. ఈ పద్ధతి సాహెబ్‌కు ఆయన గురువు నేర్పాడు. నౌకరు చేత పంపితే ఆయన ముట్టడు. విఠల్ డైరెక్టరయ్యాక కూడా తానే కాచేవాడు. నిజానికి ఈ మధ్య నేర్చుకోవడానికి వెళ్లింది తక్కువ, చెప్పి రావడానికి వెళ్లింది ఎక్కువ. అయినా చాయ్ మాత్రం మానలేదు.

ఆ సాయంత్రం స్టీలు గ్లాసు నిండా చాయ్ పట్టుకుని గదిలోకి వెళ్లాడు. మూలన పెద్ద ఫ్యాను చెవులు పగిలేలా గోల చేస్తోంది. సాహెబ్ చేతులకు ఎర్రటి పాలిష్ పిండి అంటుకుని ఉంది.

"ఏం బేటా, మొఖం గట్లున్నది?"

"ఎస్తేరును పంపించేద్దామనుకుంటున్నా సార్. ఆమెకు ఇక్కడి పని పట్టుబడదు."

"చాయ్ గా బల్ల మీద పెట్టు. చేతులు ఖరాబున్నయి."

పక్కనే నడుము ఎత్తున గుండ్రటి బల్ల ఉంది. దాని మీద బిగించిన తెల్లటి పలక మీద మచ్చ లేదు, గీత లేదు. విఠల్ పైనుంచి ఒకసారి చూసి, గ్లాసు దాని అంచున పెట్టాడు.

వేళ్లు వదలడమే ఆలస్యం, గ్లాసు ఎగిరి గోడకు కొట్టుకుంది. చాయ్ అతని చొక్కా మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు చారలా పడింది. సాహెబ్ తెల్ల జుబ్బాకూ తన వాటా దక్కింది. విఠల్ హడలిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు.

"తిరుగుతోందా సార్ ఇది?"

"పెట్టేముందు చూడలేదా?"

"చూశాను. కదలకుండానే ఉంది!"

సాహెబ్ కాలితో ఒక పొట్టి స్టూలును అతని వైపు నెట్టాడు. విఠల్ కూర్చున్నాడు. ఇప్పుడు పలక అంచు సరిగ్గా అతని కళ్లకెదురుగా ఉంది. అంచున అక్కడక్కడా పెచ్చులూడిన చోట్లు ఒకదాని వెంట ఒకటి పరిగెడుతూ కలిసిపోతున్నాయి. అంచును అంటుకున్న చాయ్ చుక్కలు ఇంకా చిమ్ముతూనే ఉన్నాయి. మధ్యలో పడ్డ ఒక చుక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

విఠల్‌కు సిగ్గేసింది. జేబురుమాలు తీసి చొక్కా రుద్దుకోసాగాడు.

"పొద్దున గా పిల్ల గూడ గిట్లనే ఒలకబోసింది," అన్నాడు సాహెబ్.

విఠల్ ముఖం కాస్త తేటపడింది. "ఆమె కూడానా?"

"ఆమె గూడ. ఒలకబోసి, ఎందుకొలికిందా అని గంటసేపు గదే స్టూలు మీద కూసున్నది." సాహెబ్ బల్ల కింది మోటారు ఆపి, మళ్లీ తన అద్దం వైపు తిరిగాడు. "నువ్వు బట్టలు తుడుచుకుంటున్నవ్."

విఠల్ చెయ్యి ఆగిపోయింది.

బల్ల మెల్లమెల్లగా నెమ్మదించి నిలిచేదాకా అతను అక్కడే కూర్చున్నాడు. తర్వాత లేచి, గ్లాసు ఏరుకుని, వంటగదికి పోయాడు. మళ్లీ పాలు పెట్టాడు. చాయ్ పొంగు చూస్తూ నిలబడితే, తాను రాసిన పుస్తకం కళ్ల ముందు పేజీ వెంట పేజీ కదిలింది.

అతను చాయ్‌తో వస్తుంటే అద్దాల గది తలుపు దగ్గర సాహెబ్ చెయ్యి చాపాడు. విఠల్ ఒక్క క్షణం తడబడి, తల వంచుకుని ఆయన్ను దాటి ముందుకు నడిచాడు. ఖాళీ చెయ్యి వెనక్కి తీసుకుంటూ సాహెబ్ గడ్డంలో నవ్వుకున్నాడు.

ఎస్తేరు తన గదిలో పుస్తకాలు సంచిలో సర్దుకుంటోంది. జీపు సంగతి ఎవరో చెప్పే ఉంటారు. విఠల్ ఆమె ముందు చాయ్ పెట్టేసరికి దిగ్గున లేచి నిలబడింది. గుట్ట మీద ఉన్నవాళ్లెవరికీ ఆ గ్లాసు అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు.

"కూర్చోమ్మా. ఆ గీత అడుగు ఎందుకు బల్లపరుపుగా ఉందో మొదటి నుంచి చెప్పు."

ఆమె మొదట తడబడింది. తర్వాత మాట కుదురుకుంది. "ఆ వేగానికి దాని నడుము ఉబ్బిపోయిందండీ. తలా అడుగూ లోపలికి అణిగాయి. తల గుండెకు దగ్గర కాబట్టి కాగిపోతా ఉంది. మనకి ఆ వేడి తలే కనబడతా ఉంది, అందుకే వెలుగెక్కువ. చుట్టూ ఉన్న అంచేమో నడుమండీ. అది చల్లబడింది. దాని వెలుగు కూడా కలిసి గీత అడుగు అలా చదునైంది."

"నడుము ఎందుకు చల్లబడింది?" అతనికి తెలియక కాదు. ఆమె నోట వినాలనిపించింది.

"గుండెకు దూరమైపోయింది కదండీ. అక్కడ ఆకర్షణ పట్టు కూడా తక్కువే. ఇంకాస్త జోరు పెరిగిందంటే తనని తానే చిమ్మేసుకుంటుందండీ."

విఠల్ తన చొక్కా మీది చార చూసుకున్నాడు. దాన్ని వేలితో తడుముతూ అడిగాడు.

"అయితే నా నక్షత్రం పోయినట్టేనా అమ్మా?"

"పోలేదండీ," అంది ఎస్తేరు కంగారుగా. "అక్కడే ఉంది. తిరుగుతా ఉందంతే."

విఠల్ కళ్లజోడు తీశాడు. ఈసారి తుడుచుకున్నది అద్దాలను కాదు. తర్వాత వంగి, సంచిలోంచి ఆమె పుస్తకాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టసాగాడు.