నూకరాజు అల్లిన జడ

కొండవార చేలల్లో వేరుశనగ పీకడం అయిపోయిన రోజున పశువులకి పనుండదు. ఆ సాయంత్రం కళ్లంలో అవన్నీ కోలాటం ఆడతాయి. కోలలు పట్టడానికి చేతులేవీ అంటారేమో, గిట్టకి గిట్ట తాకిస్తే కోలకి కోల తాకినట్టే మోగుతుంది. నా మాట మీద నమ్మకం లేకపోతే మీ వీధి మేకల్ని అడగండి.

ఆ ఆటకి తాళం గేదె గవరమ్మది. బోర్లించిన పాత నూనె డబ్బా మీద ముందుకాలి గిట్టతో వేసేది. ఆ డబ్బా మీదే వాళ్లమ్మా తాళం వేసింది, ఆవిడ పోయాక గవరమ్మకి వచ్చింది. ఒక డం అయ్యి మళ్లీ డం అనేలోపు తోకతో రెండు ఈగల్ని తోలుకోవచ్చు, అంత నిదానం. కుంటి బాతుకి అడుగు పడాలి కదా. పైడమ్మ అనే కోడిపెట్టకి ఏడు పిల్లలు, వాటికీ పడాలి కదా. పిల్లల్ని ఎప్పుడూ నడిమధ్య నిలబెట్టి చుట్టూ పెద్దలు ఆడతారు. అందరి అడుగూ కుదిరాకే గవరమ్మ జోరు పెంచేది.

ఈ నిదానం మేకపోతు అసిరయ్యకి గిట్టదు.

"అత్తా, నీ తాళానికి ఓ కాలెత్తి దించేలోపు దాని కింద గడ్డి మొలుస్తోంది," అన్నాడు ఓ ఏడు.

"మొలిస్తే మంచిదే. మేసెయ్," అంది గవరమ్మ.

అంతలో కంచె పక్కనుంచి ఓ దగ్గు వినిపించింది. చూస్తే నక్క. నడుముకి ఎర్రగుడ్డ, మెడలో చిరుగంట, మొహాన ఇంత నామం. రైతు కాయ అమ్ముకోవడానికి సంతకి పోయాడని, కుక్క వీరడు బండి వెనకే పోయాడని తెలుసుకునే వచ్చాడు.

"నా పేరు నూకరాజు. కోలాటం గురువుని," అన్నాడు తల వంచి. నక్క వినయం అంటే ఏమిటో ఆ పూట చూడాలి. "మాంసం మానేసి మూడేళ్లయింది. ఊరూరా తిరిగి జడకోలాటం నేర్పుతున్నాను. మీరింకా ఉత్త కోలాటమేనా, పాపం."

"జడకోలాటమంటే?" అంది పైడమ్మ.

"గుంజ కొనకి ఎనిమిది తాళ్లు కడతాం. తాడుకొకరు. సగంమంది ఇటు, సగంమంది అటు, ఒకరి లోపలినుంచి ఒకరు, ఒకరి బయటినుంచి ఒకరు దూరుతూ ఆడితే, ఆ గుంజ మీద జడ పడుతుంది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు."

అసిరయ్య గంతేశాడు. "ఇవాళ నక్క తోక తొక్కాం రా," అన్నాడు. ఎదురుగా ఉన్నది నక్కేనని వాడికి తట్టలేదు.

గవరమ్మ నెమరు ఆపింది. జడకోలాటం ఆమెకి తెలుసు. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆడించింది.

"మరి గురువుగారూ, జడ విప్పే అడుగులు కూడా మీరే చెబుతారా?"

నక్క నవ్వాడు. "అల్లిన జడని విప్పుతారా ఎవరైనా? అల్లడంతో ఆట సరి."

గవరమ్మకి విషయం తెలిసిపోయింది. వీడు ఏ పొద చాటునుంచో చూసుంటాడు, సగం ఆటలో కుక్కలు తరిమి ఉంటాయి. జడకోలాటంలో అల్లేది సగమే, విప్పేది మిగతా సగం.

"ఒరే అసిరీ, వీడికి సగమే వచ్చు," అంది.

"నీకు అదీ రాదు కదత్తా," అన్నాడు అసిరయ్య. అందరూ నవ్వారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత.

"అక్కా, నువ్వు పెద్దదానివి," అన్నాడు నక్క, మరీ మెత్తగా. "ఆ మూల కూర్చుని చూడు. తాళం నేను వేస్తాను."

ఆమెని ఎవరేమన్నా దున్నపోతు మీద వానే. కానీ ఆ డబ్బాని నక్క తన ముందుకి లాక్కున్నప్పుడు మాత్రం గవరమ్మకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాళ్లమ్మ గిట్ట గుర్తులు ఇంకా ఉన్నాయి దాని మీద. వెళ్లి కళ్లం మూల కూర్చుంది.

నక్క పలుపుతాళ్లు కళ్లం నడుమనున్న గుంజ కొనకి కట్టించాడు. రెండో కొసల్ని ఎవరి నడుముకి వాళ్ల చేత గట్టిగా ముడి వేయించాడు. మేకలు రెండు, పొట్టేళ్లు రెండు, గాడిద, బాతు, పుంజు, పైడమ్మ.

"పిల్లల్ని మధ్యలో పెట్టకండి, తొక్కేస్తారు. అదిగో, ఆ గంప కింద కమ్మేయండి," అన్నాడు.

"మధ్యలోనే ఉండనీ పైడమ్మా," అంది గవరమ్మ మూలనుంచి.

పైడమ్మ ఓసారి గవరమ్మ వంక, ఓసారి నక్క వంక చూసింది. తర్వాత, "గురువుగారికి తెలీదా," అంటూ పిల్లల్ని గంప కింద కమ్మేసింది.

నక్క తాళం మొదలుపెట్టాడు. మొదలే జోరు. డబ్బా మీద వడగళ్లు పడ్డట్టుంది. కుంటి బాతు పరుగెత్తలేక ఈడ్చుకుపోయింది. గాడిద కిందనుంచి పుంజు, పుంజు పక్కనుంచి పొట్టేలు, దూరుతూ, తేలుతూ, నవ్వుతూ ఒకటే తిరుగుడు. గుంజ మీద జడ దిగుతోంది, దిగినకొద్దీ తాళ్లు కురచవుతున్నాయి. అది ఎవరూ చూసుకోలేదు. చూసుకునేసరికి ఎనిమిదిమందీ గుంజకి అంటుకుపోయి, మూతులు మూతులకి తగులుతున్నాయి.

తాళం ఆగిపోయింది.

"ఆట అయింది. ఇక భోజనాలు," అంటూ నక్క గంప దగ్గరికి నడిచాడు.

పైడమ్మ తాళ్ల మధ్యనుంచి మెడ చాచింది. "గురువుగారూ, మాంసం మానేశానన్నారు కదా."

"మూడేళ్లు మానడమంటే మాటలా? ఎంత ఆకలేస్తుందో నీకేం తెలుసు."

ఎనిమిదిమందీ ఎనిమిది వైపులకి గుంజుకున్నారు. ముడులు ఇంకా బిగిశాయి. గంప కింద పిల్లలు కియ్ కియ్ మంటున్నాయి.

గవరమ్మ లేచింది. కొమ్ములు వంచి మీదికి పోవచ్చు. కానీ తను అక్కడికి చేరేలోపు వాడు రెండు పిల్లల్ని నోట కరుచుకుని కంచె దాటతాడు. తన కాళ్ల వేగం తనకి తెలియనిది కాదు. వేగంతో అయ్యే పని కాదిది.

ఆమె తీరుబడిగా డబ్బా దగ్గరికి వచ్చింది.

"ఆహా, ఏం ఆటండీ గురువుగారూ. నా జన్మలో చూడలేదు. ఇందాక తెలీక నోరు జారాను."

నక్క గంప మీద కాలు అలాగే ఉంచి తల తిప్పాడు. "ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది. కానీ గురుపూజ లేకుండా భోజనానికి కూర్చోవడమే బాగోలేదు. మా వైపు ఓ మర్యాద ఉంది. గురువుగారు గుంజకి వీపు ఆనించి నిలబడతారు, శిష్యులు పాట పాడుతూ చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. ఆ తర్వాత దక్షిణ ఏదైనా సరే, వాళ్లే తెచ్చి ఇస్తారు. ముడులన్నీ నడుములకే ఉన్నాయి, వీళ్లు ఎక్కడికి పోతారు, ఆ గంప ఎక్కడికి పోతుంది?"

నక్క ముడుల వంక చూశాడు, గంప వంక చూశాడు. గురువుగారూ అని పిలిపించుకోవడం వాడికి ఇదే మొదటిసారి, ఆ పిలుపు వాడికి కోడిపిల్లకన్నా రుచిగా ఉంది. ఎర్రగుడ్డ సర్దుకుని, గాడిద కాళ్ల మధ్యనుంచి దూరి, గుంజకి ఆనుకుని కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

గవరమ్మ గిట్ట ఎత్తింది. డం. రెండు ఈగలు తోలుకునేంత సేపు. మళ్లీ డం.

"మెల్లగా తొక్కమ్మా మేలైన అడుగు
పిల్లకీ తల్లికీ అందేటి అడుగు
వచ్చిన దారినే మళ్లేటి అడుగు"

ఆ పాట విని అసిరయ్య, వాడి వెనకే మిగతావాళ్లూ ఆమె మొహంలోకి చూశారు. ఆమె కళ్లతోనే చెప్పింది. ఆఖరి అడుగు ఎటు వేశావో దాన్ని ముందు వెనక్కి వెయ్యి. లోపలికి దూరినవాడు బయటికి, బయటికి వచ్చినవాడు లోపలికి. ఇందాకటి జోరులో ఎవరికీ తన అడుగు తనకి తెలియలేదు. ఈ తాళానికి కుంటి బాతుకి కూడా ప్రతి అడుగూ గుర్తొచ్చింది. గుంజ మీద జడ ఒక్కో మెలికా విప్పుకుంటూ పైకి పోయింది. తాళ్లు పొడుగయ్యాయి.

నక్క ఒక కన్ను తెరిచాడు. "జడ ఏమైంది?"

"గురువుగారి నెత్తి మీద కొత్తది అల్లుతారు. ఇది పాతబడిపోయింది కదా," అంది గవరమ్మ.

వాడు సంతోషంగా కన్ను మూసుకున్నాడు.

తాళం అదే, అడుగు మాత్రం మళ్లీ ముందుకి. గుంజ కొననుంచి జడ కిందికి దిగడం మొదలైంది. మూర దిగింది, బార దిగింది. నక్క చెవుల దగ్గరికి వచ్చింది. అప్పుడు గవరమ్మ జోరు పెంచింది. అన్నేళ్లూ చూసినవాళ్లే ఆ జోరు చూసి నోళ్లు తెరిచారు. నక్క కళ్లు తెరిచేసరికి చెవులు జడలో ఉన్నాయి, కేక వేసేసరికి మూతి జడలో ఉంది, పరుగెత్తబోయేసరికి నాలుగు కాళ్లూ గుంజతో కలిసి జడలోనే ఉన్నాయి. ఎర్రగుడ్డ కొస ఒకటి జడకుచ్చులా కింద వేలాడుతోంది.

గవరమ్మ అప్పుడు నింపాదిగా నడిచి వెళ్లి, కొమ్ముతో గంప ఎత్తింది. ఏడు పిల్లలూ పరుగున వచ్చి తల్లి రెక్కల కింద దూరాయి. పైడమ్మ లెక్క చూసుకుంది, మళ్లీ చూసుకుంది, ఆ తర్వాత గవరమ్మ కాలికి తల ఆనించి ఏడ్చేసింది. గవరమ్మ ఒక్కొక్కరి ముడీ పళ్లతో లాగి విప్పింది.

"అక్కా," అంది జడ లోపలినుంచి ఓ గొంతు, నూకరాజుదే. "దీన్ని విప్పే అడుగులు ఏవో చెప్పవూ?"

"అల్లడంతో ఆట సరి అన్నావు కదయ్యా. ఆ మిగతా సగం మా వీరడికి బాగా వచ్చు. సంతనుంచి వచ్చే వేళయింది."

దూరంగా బండి చప్పుడు, దాని ముందు మొరుగుడు వినపడ్డాయి. నూకరాజు ఆ రోజు మిగతా సగం నేర్చుకున్నాడు. వీరడు పళ్లతో జడ లాగి విప్పుతుంటే గుంజ దగ్గర మొదలుపెట్టి, కొండ అవతల దాకా పరుగెత్తుతూ నేర్చుకున్నాడు. మెడలో గంట ఉండబట్టి, ఎంత దూరం పోయాడో కళ్లంలో అందరికీ వినపడుతూనే ఉంది.

అసిరయ్య డబ్బాని మూతితో తోసుకుంటూ తెచ్చి గవరమ్మ ముందు పెట్టాడు.

"అత్తా, ఆ గడ్డి మొలిచే తాళం ఇంకోసారి వెయ్యవే," అన్నాడు తలెత్తకుండా.

పిల్లల్ని నడిమధ్య నిలబెట్టారు. గవరమ్మ గిట్ట ఎత్తింది. ఆ సాయంత్రం ఏడు పిల్లలూ ఒక్క అడుగు తప్పలేదు.

అందుకే అంటాను, విప్పడం రానివాడు అల్లడానికి పోకూడదు.