పేరు పోయిన గాలిపిల్ల

దుప్పటి లాక్కోవే, కాళ్ళు బయట పెట్టకు. నువ్వు ఊఁ కొడితేనే చెప్తాను, లేదంటే ఆపేస్తాను.

అనగనగా ఆఫ్రికాలో ఒక ఎండ ఊళ్ళో ఒక గాలిపిల్ల ఉండేది. ఇసుకనేల వాళ్ళమ్మ. అమ్మ ఒళ్ళో దొర్లుతూ దొర్లుతూ ఒకరోజు సముద్రం మీదికి జారిపోయింది. వెనక్కి వద్దామంటే తూర్పుగాలి పడమటికి తోసేస్తోంది.

"ఇంకాస్త బలం వస్తే అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను" అనుకుంది.

అప్పుడు సముద్రం మీది వెచ్చటి ఆవిరి తాగింది. గిరగిరా తిరగడం వచ్చింది. ఆ తర్వాత ఇంకాస్త తాగింది. బాగా ఒళ్ళు చేసింది. మనుషులు చూసి "అమ్మో, తుఫాను!" అని దానికి ఒడీలా అని పేరు పెట్టారు. తుఫానుకి పేరు పెట్టడం వాళ్ళ ఆనవాయితీలే. మూడోసారి కడుపారా తాగింది. నడిమధ్య ఇంత కన్ను తెరుచుకుంది. ఆ కంటితో వెనక్కి చూస్తే ఏముంది, నీళ్ళే నీళ్ళు. అమ్మ జాడే లేదు. పిచ్చిది, తాగుతూ తాగుతూ ఎంత దూరం కొట్టుకొచ్చేసిందో చూసుకోలేదు.

అప్పుడు ఒక దీవి కనబడింది. అక్కడ ఎలోడీ అని, చేపలు పట్టుకుని బతికే ఆవిడ ఉంది. దారి అడుగుదామని గాలిపిల్ల ఆవిడ తలుపు తట్టింది. తట్టడమేమిటి నా మొహం! తలుపు ఊడింది, కప్పు ఎగిరింది, పడవ పోయి కొబ్బరిచెట్టుకి చిక్కుకుంది.

ఎలోడీ మంచం కింద పిల్లల్ని పొదువుకుని అరిచింది. "నీకు అమ్మంటూ లేదుటే?"

ఉందని చెబుదామనుకుంది గాలిపిల్ల. నోరు తెరిస్తే హోరే వచ్చింది. ఏడ్చుకుంటూ ఉత్తరానికి తిరిగింది.

ఆ తర్వాత అన్నీ చన్నీళ్ళే. తాగడానికి ఆవిరి లేదు. ముందు కన్ను మూసుకుపోయింది. తర్వాత తిరగడం ఆగిపోయింది. చివరికి చిన్న మబ్బుతునక మిగిలింది. ఎలోడీ ఇల్లు మళ్ళీ కట్టుకుందిలే, పాపం. కానీ గాలిపిల్ల అంత పాడుచేసిందని మనుషులు ఒడీలా అన్న పేరే తీసేశారు. ఇంకే తుఫానుకీ పెట్టరట.

బలమంతా పోయాక, దారినపోయే గాలులు జాలిపడి దాన్ని తూర్పుకి మోసుకెళ్ళాయి. ఒక సాయంత్రం ఇసుకనేల మీద నాలుగు చినుకులై రాలింది.

"అమ్మా, నాకు పేరు లేదే. తీసేశారు. నన్నెలా గుర్తుపడతావే?"

"నేనెప్పుడు పెట్టానే నీకు పేరు? పిల్లా అనేగా పిలిచేదాన్ని. రా పిల్లా" అంది ఇసుకనేల. ఒక్క చుక్క కూడా బయట మిగల్చకుండా లోపలికి తీసేసుకుంది.

చినుకు చేరె అమ్మ ఒడికి,
కథ చేరె కంచి గుడికి,
నువ్వు రావే పిల్లా, నా పక్కకి.