నాలుగో ఊయల

సింహాద్రి అప్పన్నకు దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. వెనకున్న అమ్మలూ, కాస్త ముందుకు జరగండి. నక్క గొంతు నేనే చేస్తాను, దగ్గరగా వింటేనే బాగుంటుంది.

చెరకుతోట పక్కన గవరయ్య అనే గిజిగాడు ఉండేవాడు. తాటాకును దారంలా చీల్చి అల్లాడంటే గాలి కూడా దారి వెతుక్కోవాల్సిందే. ఆ పనితనం నక్క కంట్లో పడింది.

"గవరయ్య అల్లుడూ! సింహం దొరగారి పిల్లకు ఊయల కావాలట. నీ పేరు అడివంతా మోగిపోవాలి!"

గవరయ్య పొంగిపోయాడు. పొదలో కింది కొమ్మకు అల్లి ఇచ్చాడు. నక్క పట్టుకెళ్లి నాలుగు రోజులకు తిరిగొచ్చింది.

"దొరగారికి నచ్చలేదోయ్. ఇంకాస్త వెడల్పుండాలట."

రెండోది అల్లాడు. "ఇంకాస్త మెత్తగా ఉండాలట."

మూడోది అల్లాడు. "ఏదో తగ్గిందట. ఏమిటో ఆయనకే తెలీదు. తొందరేముంది, మళ్లీ అల్లు."

ఈలోగా మబ్బు కమ్మింది. భార్య నూకమ్మ వచ్చి ఎదురుగా వాలింది.

"ఏమయ్యా, మూడు రోజుల్లో గుడ్లు పెడతాను. ఎక్కడ పెట్టమంటావు, దొరగారి మెప్పులోనా?"

"ఈ ఒక్కటీ అల్లి ఇచ్చేయనీయవే."

"తడిమట్టి కోసం వెళ్లి చూసొచ్చాను. నీ ఊయలలు మూడూ నక్క బొరియలో ఉన్నాయి. వాటిలో దాని పిల్లలు గురక పెడుతున్నాయి!"

గవరయ్య ఆకాశం వైపు తలెత్తాడు. "స్వామీ, ఈ పని నువ్విచ్చావు. నేను ఎవరి చేతిలో పెట్టానో చూడు" అని లేచాడు. దిగుడుబావి మీదికి వాలిన తుమ్మకొమ్మ చివర నాలుగోది మొదలుపెట్టాడు. తిండి లేదు, కబుర్లు లేవు. ఆయన అల్లుతుంటే ఆవిడ మట్టి మెత్తింది.

మూడో రోజు తొలి చినుకులతోపాటే నక్కా వచ్చింది. "అల్లుడూ, ఊయలేదీ?"

"అదిగో. లోపల నా భార్య గుడ్ల మీద కూర్చుంది. ఇది నీకివ్వను."

"దొరగారి సొత్తు ఇవ్వనంటావా!"

"నా ఇల్లు అది. దమ్ముంటే వచ్చి తీసుకో."

నక్క కోపంగా కొమ్మెక్కింది. రెండడుగులకు కాలినిండా ముళ్లు, మూడో అడుగుకు కొమ్మ వంగింది. దభీమని బావిలో పడింది! తడిసి ముద్దై మెట్లు పాకుతూ అరిచింది. "ఉండు, దొరగారికి చెప్తాను!"

"చెప్పు మామా," అన్నాడు గవరయ్య. "ఊయల సంగతి ఆయన మొదటిసారి వింటాడు!"

పని ఎవరి కోసమో తెలిసిన పనివాణ్ణి ఎవరూ తమ చుట్టూ తిప్పుకోలేరు.